గురుడితో స్నేహం: పంచాంగం నుంచి టెలిస్కోప్ దాకా ఒక మార్గదర్శి

తెలుగు ఇళ్లలో గురుగ్రహం ప్రస్తావన రాని ఏడాది ఉండదు. పెళ్లి ముహూర్తం పెట్టాలంటే ముందు గురుమూఢం ఉందేమో చూస్తాం. గురుడు రాశి మారాడంటే ఏదో ఒక నదికి పుష్కరాలు వచ్చినట్టే. ఇంత దగ్గరివాడైనా, రాత్రిపూట డాబా ఎక్కి ‘అదిగో, గురుడు’ అని వేలు చూపించగలిగేవారు మనలో చాలా తక్కువ. ఈ లోటు తీర్చడానికి పెద్ద చదువు, పెద్ద ఖర్చు అక్కర్లేదు.

గురుడంటే నాకు చెప్పలేనంత ఇష్టం. సూర్యకుటుంబంలో ఇంత తక్కువ సరంజామాతో ఇంత ఎక్కువ చూపించే గ్రహం మరొకటి లేదు. శుక్రుడు తళతళలాడతాడు కానీ మేఘాల ముసుగు తియ్యడు. కుజుడు రెండేళ్లకోసారి దగ్గరికొచ్చి, కొద్దివారాల్లోనే మళ్లీ చిన్న చుక్కయిపోతాడు. గురుడు అలా కాదు. ఏడాదిలో తొమ్మిది పది నెలలు ఏదో ఒక వేళ కనిపిస్తాడు. గంట గంటకూ ఏదో ఒక మార్పు చూపిస్తాడు. ఒక సీజను ఓపికగా చూస్తే ఎవరికైనా ఆత్మీయుడైపోతాడు. అలా చూడటం ఎలాగో ఒక్కో అడుగే చెబుతాను.

మొదటి అడుగు: పంచాంగం తీయండి

అందులో మూడు సంగతులు వెతకండి. గురుడు ఏ రాశిలో ఉన్నాడు? మూఢం ఎప్పటి నుంచి ఎప్పటి వరకు? వక్రగతి ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుంది? జాతకాల మీద మీ నమ్మకం ఎలాంటిదైనా ఈ మూడూ అచ్చమైన ఆకాశ సమాచారమే.

మన చూపుకు గురుడు సూర్యుడికి మరీ దగ్గరగా వచ్చి, ఆ వెలుగులో కలిసిపోయే రోజులే మూఢం. ఇది సుమారు నెల రోజులు ఉంటుంది. మూఢం ముగిశాక తెల్లవారుజామున తూర్పున కనిపించడం మొదలుపెడతాడు. అక్కడి నుంచి రోజూ మూడు నాలుగు నిమిషాలు ముందుగా ఉదయిస్తూ, ఆరేడు నెలలకు సూర్యుడు పడమట దిగేవేళ సరిగ్గా తూర్పున ఎక్కుతాడు. ఇక రాత్రంతా మనవాడే. అప్పుడే భూమికి బాగా దగ్గరగా, సుమారు 65 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటాడు. మూఢం రోజుల్లోనైతే ఆ దూరం 90 కోట్ల కిలోమీటర్లు దాటుతుంది.

ఈ మంచి రోజులు కనిపెట్టడానికి ఒక సులువు ఉంది. పంచాంగంలో వక్రగతి మొదలయ్యే తేదీకీ ముగిసే తేదీకీ మధ్య సుమారు నాలుగు నెలలు ఉంటాయి. ఆ నాలుగు నెలలకు నట్టనడుమ పడే వారమే చూడటానికి అన్నిటికంటే మంచిది. ఇందులో మర్మమేమీ లేదు. లోపలి దారిలో వేగంగా తిరిగే భూమి గురుణ్ణి దాటిపోతున్నప్పుడు అతను వెనక్కి నడుస్తున్నట్టు కనిపిస్తాడు. సరిగ్గా దాటే సమయంలోనే ఇద్దరి మధ్య దూరం తగ్గుతుంది. సుమారు 13 నెలలకోసారి ఇలా జరుగుతుంది. 2026లో జనవరి 10న, 2027లో ఫిబ్రవరి రెండో వారంలో, 2028లో మార్చి రెండో వారంలో ఆ రోజులు పడ్డాయి. ఇవి మనకు కలిసొచ్చే తేదీలు. 2021లో గురుడు ఆగస్టులో దగ్గరికొచ్చాడు. అప్పుడు తెలుగునాట వానమబ్బులు. జనవరి నుంచి మార్చి దాకా ఆకాశం పొడిగా, తేటగా ఉంటుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. 2027 ఫిబ్రవరిలో పంచాంగం గురుడు కర్కాటకంలో ఉన్నాడంటుంది, ఫోనులోని ఆకాశపటం సింహరాశిలో చూపిస్తుంది. కంగారు పడకండి. పంచాంగం ఆకాశాన్ని పన్నెండు సమాన భాగాలు చేస్తుంది. ఖగోళశాస్త్రవేత్తలు గీసుకున్న నక్షత్రమండలాల హద్దులు అలా సమానంగా ఉండవు. రాశి కంటే దగ్గరలోని నక్షత్రాన్ని గుర్తుపెట్టుకోవడం మేలు.

రెండో అడుగు: ముందు కంటితోనే

మొదటి వారం ఏ పరికరమూ వద్దు. కంటితో గుర్తుపట్టడం రానివారికి టెలిస్కోప్ కొనిచ్చినా దాన్ని ఎటు తిప్పాలో తెలియదు.

చంద్రుణ్ణి పక్కన పెడితే, గురుడికంటే ప్రకాశంగా మామూలుగా కనిపించేది శుక్రుడొక్కడే. శుక్రుడు సూర్యుణ్ణి విడిచి ఎక్కువ దూరం పోలేడు కాబట్టి సంధ్యవేళ పడమటో, తెల్లవారుజామున తూర్పునో ఉంటాడు. అర్ధరాత్రి నడినెత్తిన గొప్పగా వెలిగేది ఏదైనా కనిపిస్తే అది శుక్రుడు మాత్రం కాదు. దక్షిణాన మిలమిలమంటూ రంగులు చిమ్మేది సిరియస్ నక్షత్రం. గురుడు మిణుకుమనడు. లేత మీగడరంగు వెలుగు, నిలకడగా ఉంటుంది. కుజుడైతే ఎర్రగా ఉంటాడు. 2027 ఫిబ్రవరిలో కుజుడు కూడా సింహరాశిలోనే బాగా ప్రకాశంగా ఉంటాడు కాబట్టి రంగు చూసి విడదీసుకోండి.

మన అక్షాంశాలకు ఒక వరం ఉంది. 2026, 2027 సంవత్సరాల శీతకాలాల్లో గురుడు హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నాలకు దాదాపు నడినెత్తికి వస్తాడు. అంటే అతని వెలుగు అతి పల్చని గాలిపొర దాటి మన కంటికి చేరుతుంది. లండన్‌లో ఉండే మనవాళ్లకు అంత ఎత్తుకు రాడు. మెల్‌బోర్న్‌లో ఉన్నవారైతే ఉత్తరం వైపు, ఇంకా దిగువన వెతుక్కోవాలి.

గుర్తుపట్టాక, పక్కనున్న నక్షత్రంతో అతని దూరాన్ని వారానికోసారి కొలవండి. చేయి చాచి పట్టుకున్న పిడికిలి వెడల్పు సుమారు పది డిగ్రీలు. రెండు వేళ్ల వెడల్పు మూడు డిగ్రీలకు కాస్త అటూ ఇటూ. 2026 డిసెంబరులో గురుడు మఖ నక్షత్రానికి (ఫోను పటంలో రెగ్యులస్) రెండు వేళ్లంత దగ్గరికొచ్చి ఆగిపోతాడు. ఆ తర్వాత వెనక్కి తిరిగి, ఫిబ్రవరికల్లా దాదాపు పిడికిలి వెడల్పు దూరం జరుగుతాడు. పంచాంగంలో ‘వక్రం’ అని చదువుకుని వదిలేసేది మీ డాబా మీద, మీ వేళ్లతో కొలవగలిగే సంగతి.

మూడో అడుగు: బైనాక్యులర్

పది రెట్లు పెద్దవి చేసి చూపే, 50 మిల్లీమీటర్ల కటకాలున్న బైనాక్యులర్ చాలు. పెట్టె మీద 10×50 అని ఉంటుంది. 7×50 ఉన్నా ఫరవాలేదు. ఇంకా ఎక్కువ రెట్లవి కొనకండి, చేతిలో వణుకుతాయి.

అసలు కిటుకు నిలకడలో ఉంది. మోచేతులు పిట్టగోడ మీద ఆనించండి. గురుడు నడినెత్తిన ఉంటే పడక కుర్చీలో వాలి, బైనాక్యులర్‌ను కనుబొమల మీద ఆన్చి పట్టుకోండి. ముందు దూరంగా ఉన్న ఏ నక్షత్రాన్నో సూదిమొనలా కనిపించేదాకా సరిచేసుకుని, తర్వాత గురుడి మీదికి తిప్పండి.

అప్పుడు ఒక చిన్న గుండ్రని బిళ్ల, దానికి అటూ ఇటూ ఒకే గీత మీద రెండో మూడో నాలుగో సన్నని చుక్కలు కనిపిస్తాయి. అవే గురుడి నాలుగు పెద్ద చంద్రులు: ఐయో, యూరోపా, గనిమీడ్, కలిస్టో. ఆ చంద్రుల్లో మూడింటికీ, అనుకూలిస్తే నాలుగో దానికీ, మామూలు కంటికి కనిపించేటంత వెలుగు నిజానికి ఉంది. గురుడి కాంతి వాటిని మింగేస్తుంది, అంతే. గనిమీడ్ బుధగ్రహం కంటే పెద్దది. దాని అడ్డుకొలత 5,268 కిలోమీటర్లు. గ్రహం కంటే పెద్దదైన చంద్రుణ్ణి పిట్టగోడ మీద మోచేతులు ఆనించి చూడటం నాకు ఎన్నిసార్లయినా తనివితీరని సంగతి.

తెల్లవారుజామున చూసేవారికి ఒక్కమాట: సూర్యోదయానికి అరగంట ముందే బైనాక్యులర్ లోపల పెట్టేయండి. పొరపాటున సూర్యుడు కటకంలో పడితే కన్ను పోతుంది. పిల్లలు పక్కనుంటే మరీ జాగ్రత్త.

నాలుగో అడుగు: నోటుపుస్తకం

ఈ మార్గదర్శిలో ఒక్క అడుగును మాత్రం వదలవద్దు అనాల్సి వస్తే, అది ఇదే. చూసినదాన్ని గీయని కన్ను వారానికి మర్చిపోతుంది.

గీతల్లేని నోటుపుస్తకం తీసుకోండి. పేజీకి ఆరు గళ్ల చొప్పున గీయండి. ఒక్కో గడి మధ్యలో పప్పుగింజంత వృత్తం వేయండి, అదే గురుడు. పక్కన తేదీ, గంట, నిమిషం రాయండి. చుక్కలు ఎటు ఎన్ని ఉన్నాయో, గురుడి వెడల్పుకు ఎన్ని రెట్ల దూరంలో ఉన్నాయో అంచనా వేసి పెట్టండి. తూర్పు పడమరలు రాయడం మరవకండి. కొన్ని టెలిస్కోపులు బొమ్మను తలకిందులు చేస్తాయి, కొన్ని కుడి ఎడమలు మార్చేస్తాయి. ఏది ఎటో తెలియకపోతే, పరికరాన్ని కదపకుండా గురుడు చూపులోంచి ఏ అంచువైపు జారిపోతున్నాడో చూడండి. అదే పడమర.

గీయడానికి లైటు కావాలి కదా. ఫోను లైటుకు ఎర్ర గాజుకాగితం రెండు మడతలు చుట్టండి. చీకటికి అలవాటుపడిన చూపు చెదరదు.

మొదటి రాత్రి రెండుసార్లు గీయండి, నడుమ రెండు గంటలు వదిలి. గురుడికి దగ్గరలో ఉన్న చుక్క ఆ రెండు గంటల్లోనే జరిగి ఉండటం చాలాసార్లు మీకే కనిపిస్తుంది. అది ఐయో కావచ్చు. ఐయో నలభై రెండున్నర గంటల్లో ఒక ప్రదక్షిణ పూర్తిచేస్తుంది. యూరోపాకు సుమారు మూడున్నర రోజులు, గనిమీడ్‌కు ఏడు రోజుల పైచిలుకు, కలిస్టోకు 16.7 రోజులు పడతాయి. మొదటి మూడింటి నడకలో ఒక తాళం ఉంది. గనిమీడ్ ఒకసారి తిరిగేలోగా యూరోపా రెండుసార్లు, ఐయో నాలుగుసార్లు తిరుగుతాయి. ఈ లయవల్లే గురుడి ఆకర్షణ ఐయోను పిసుకుతూ, లోపల రాయిని కరిగిస్తూ ఉంటుంది. దాని మీద అగ్నిపర్వతాలు బద్దలవుతున్నాయని 1979లో వాయేజర్-1 వ్యోమనౌక పంపిన చిత్రాల్లో బయటపడింది. మీ పేజీలో అది పెన్సిలు చుక్క మాత్రమే, కానీ ఆ చుక్క మీద లావా ఉడుకుతోంది.

ఎవరు ఎవరో తేల్చుకునే పద్ధతి చెబుతాను. గురుడి నడిమధ్య నుంచి కొలిస్తే ఐయో అతని వెడల్పుకు మూడు రెట్లు దాటి పోదు. యూరోపా ఐదు రెట్ల లోపే ఉంటుంది. గనిమీడ్ ఏడున్నర రెట్ల దాకా, కలిస్టో పదమూడు రెట్ల దాకా వెళతాయి. కాబట్టి బాగా దూరంగా ఒంటరిగా కనిపించేది కలిస్టో అనుకోవచ్చు. అన్నిటికంటే ప్రకాశమైనది గనిమీడ్. మూడు వారాలు గీశాక ఆకాశపటం యాప్ తెరిచి సరిచూసుకోండి. ముందే తెరిస్తే మీరు కనిపెట్టే అవకాశం పోతుంది.

ఇలా గీసినవారిలో మొదటివాడు గెలీలియో. 1610 జనవరి 7న ఇటలీలోని పాడువాలో గురుడి పక్కన మూడు చుక్కలు చూశాడు. రెండు తూర్పున, ఒకటి పడమట. నక్షత్రాలే అనుకున్నాడు. మర్నాడు చూస్తే మూడూ పడమటే ఉన్నాయి. 13వ తేదీకి నాలుగో చుక్క కనిపించింది. భూమి చుట్టూ తిరగనివి కూడా ఆకాశంలో ఉన్నాయని వారం రోజుల గీతలు నిరూపించాయి. ఆయన దుర్భిణి సుమారు ఇరవై రెట్లది. ఇవాళ మనం కొనుక్కునే సాధారణ బైనాక్యులర్‌లోని గాజు అంతకంటే ఎంతో మేలైనది.

ఆ చంద్రులు గురుడి నీడలోకి వెళ్లి మాయమవుతాయి కూడా. 1676లో ప్యారిస్‌లో ఓలే రోమర్ అనే ఖగోళశాస్త్రవేత్త ఐయో గ్రహణాల వేళలు లెక్కగట్టి, భూమి గురుడికి దూరమవుతున్నప్పుడు అవి ఆలస్యంగా వస్తున్నాయని గమనించాడు. దూరం పెరిగితే వెలుగు రావడానికి ఎక్కువ సమయం పడుతోందని గ్రహించాడు. వెలుగుకూ వేగం ఉందని మనిషికి రుజువు దొరికింది గురుడి దగ్గరే. మీరు డాబా మీద చూసే గురుడు, అతి దగ్గరగా ఉన్నప్పుడు కూడా, సుమారు 35 నిమిషాల కిందటి గురుడు.

2026-27 సీజనుకు ఇంకో విశేషం ఉంది. ఆ చంద్రులు ఒకదాన్నొకటి కప్పుకోవడం, ఒకదాని నీడ ఇంకొకదాని మీద పడటం ఆరేళ్లకోసారి వరుసగా జరుగుతుంది. ఆ కాలం ఇదే. రెండు చుక్కలు దగ్గరవుతూ కాసేపు ఒక్కటై మళ్లీ విడిపోవడం చిన్న టెలిస్కోపులోనే చూడవచ్చు.

ఐదో అడుగు: టెలిస్కోప్

కొనేముందు ఊళ్లో ఖగోళ సంఘం ఉంటే వెళ్లి, వాళ్లవి రెండు మూడు రకాలు చూడండి. పెట్టె మీద ‘525 రెట్లు’ అని అచ్చేసిన బొమ్మలాంటి టెలిస్కోపు దగ్గరికి పోవద్దు. చూడాల్సింది ముందున్న కటకం లేదా అద్దం వెడల్పు, కాళ్ల గట్టిదనం. 70, 80 మిల్లీమీటర్ల కటకం ఉన్నా గురుడి మీది మేఘాల పట్టీలు కనిపిస్తాయి. 130, 150 మిల్లీమీటర్ల అద్దంతో, చేత్తో తిప్పుకునే డాబ్సన్ రకం పీఠం ఉన్నది దొరికితే పదేళ్లు ఇంకోటి అక్కర్లేదు. వణికే కాళ్ల మీద మంచి కటకం ఉన్నా వ్యర్థమే.

రెట్ల లెక్క సులువు. టెలిస్కోపు నాభ్యంతరాన్ని (కటకం లేదా అద్దం నుంచి వెలుగు ఒక్కచోట చేరే దూరం) ఐపీసు, అంటే కన్ను ఆనించే చిన్న కటకం, నాభ్యంతరంతో భాగించండి. 700 మిల్లీమీటర్ల టెలిస్కోపుకు 10 మిల్లీమీటర్ల ఐపీసు పెడితే 70 రెట్లు. గురుడు దగ్గరగా ఉన్నప్పుడు 40 రెట్లకే మామూలు కంటికి చంద్రుడు ఎంత కనిపిస్తాడో అంతవుతాడు. 100 నుంచి 150 రెట్లు దాటి పోవాలని ఆశపడకండి, బొమ్మ పెద్దదవుతుంది, పదును పోతుంది.

మన ఊళ్లలో అసలు శత్రువు డాబా వేడి. పగలంతా ఎండిన కాంక్రీటు రాత్రి పదింటిదాకా వేడి కక్కుతూనే ఉంటుంది. వీలైతే మట్టినేల మీదో గడ్డి మీదో పెట్టండి. డాబాయే గతి అయితే కాస్త పొద్దుపోయాక చూడండి. పక్కింటి ఏసీ బయటి యూనిట్ మీదుగా చూడొద్దు. టెలిస్కోపును గదిలోంచి తెచ్చిన వెంటనే వాడకుండా అరగంట బయట చల్లారనివ్వండి.

ఐపీసులో మొదట ఒక పాలిపోయిన ముద్ద, దాని మీద అడ్డంగా రెండు గోధుమరంగు గీతలు కనిపిస్తాయి. చాలామంది ఇక్కడే ‘ఇంతేనా’ అని లేచిపోతారు. లేవకండి. కుర్చీ వేసుకుని పది నిమిషాలు కన్ను తీయకుండా చూడండి. పారే కాలువ అడుగున గులకరాళ్లలాగా బొమ్మ కదులుతూ, చెదురుతూ ఉంటుంది. ఉన్నట్టుండి గాలి ఒక్క క్షణం నిలబడుతుంది. అప్పుడు ఆ గీతల అంచులు నున్నగా లేవనీ, గొగ్గులుగా, ముడులుగా ఉన్నాయనీ తెలుస్తుంది. ధ్రువాల వైపు మసకబారిన బూడిదరంగు తేలుతుంది. ఇంకా చూస్తే గురుడు పూర్తి గుండ్రంగా లేడని కూడా గమనిస్తారు. నడుము దగ్గర 1,42,984 కిలోమీటర్లు, ధ్రువాల మధ్య 1,33,708 కిలోమీటర్లు. పదకొండు భూముల వెడల్పున్నవాడు పది గంటలలోపే తన చుట్టూ తాను తిరిగేస్తుంటే నడుము ఉబ్బక ఏమవుతుంది!

ఏ చంద్రుడైనా గురుడి ముందు నుంచి వెళుతుంటే దాని నీడ ఆ మేఘాల మీద సిరాచుక్కంత నల్లగా, స్పష్టంగా పడుతుంది. ఆ సమయాలు యాప్‌లు చెబుతాయి. గురుడి మీద జరుగుతున్న సూర్యగ్రహణాన్ని మీ ఇంటి నుంచి చూస్తున్నారన్నమాట.

ఎర్రమచ్చ కోసం

గురుడి మీది ఎర్రమచ్చ భూమి మొత్తం పట్టేటంత తుపాను. ఇప్పుడు సుమారు 16,000 కిలోమీటర్ల వెడల్పుంది. పందొమ్మిదో శతాబ్దంలో సుమారు 40,000 కిలోమీటర్లు ఉండేది. ఏటా కుంచించుకుపోతోంది కాబట్టి మన తరం దీన్ని చూసి రాసిపెట్టుకోవాలి. దక్షిణపు గోధుమరంగు పట్టీలో ఒక గుంట, ఆ గుంటలో లేత ఇటుకరంగు అండాకారం. ఫొటోల్లోలాంటి ఎరుపు ఆశించకండి. 100 మిల్లీమీటర్లు దాటిన టెలిస్కోపు, నిలకడైన గాలి కావాలి. లేత నీలిరంగు ఫిల్టరు పెడితే కాస్త తేలిగ్గా పట్టుబడుతుంది.

సగం సమయం అది వెనకవైపే ఉంటుంది. ఒక్కసారి దొరికితే మాత్రం లెక్క చేతిలో ఉన్నట్టే. ఐదు భ్రమణాలకు సుమారు 49 గంటల 38 నిమిషాలు. అంటే ఈ రాత్రి 8 గంటలకు నడిమధ్యకు వస్తే, ఎల్లుండి రాత్రి 9:38 ప్రాంతంలో మళ్లీ అక్కడే ఉంటుంది.

ఫొటోలంటే సరదా ఉన్నవారు ఫోనును ఐపీసుకు బిగించే బ్రాకెట్టు కొనుక్కోండి. వెలుగు తగ్గించి, ఫొటో కాకుండా వీడియో తీయండి. అందులోని పదునైన ఫ్రేములను ఏరి కలిపే ఉచిత సాఫ్ట్‌వేర్‌లు ఉన్నాయి.

ఇతరులకు చూపించేటప్పుడు

మొదటిసారి చూసేవారికి తక్కువ రెట్ల ఐపీసే పెట్టండి. నాలుగు చంద్రులూ ఒక్క చూపులో పడాలి. ‘ఏం కనిపిస్తోంది’ అని వారినే అడగండి, మీరు ముందే చెప్పేయకండి. పిల్లలకు స్టూలు, పెద్దవారికి చేతులుండే కుర్చీ సిద్ధం చేయండి. నలుగురైదుగురు చూసేలోగా గురుడు చూపులోంచి జారిపోతాడు, ఒక్కొక్కరి తర్వాత మళ్లీ మధ్యకు తేవాలి. మీ నానమ్మో అమ్మమ్మో ముందు దణ్ణం పెట్టుకుని తర్వాత కన్ను ఆనిస్తే ఆపకండి. ఇష్టం ఏ దారిన వచ్చినా మంచిదే.

పుష్కరాల లెక్క

గురుడు సూర్యుణ్ణి చుట్టిరావడానికి 11.86 ఏళ్లు పడుతుంది. రాశికి సుమారు ఏడాది. సింహంలోకి వస్తే గోదావరికి, కన్యలోకి వస్తే కృష్ణకు పుష్కరాలు. 2015లో గోదావరి పుష్కరాలు, 2016లో కృష్ణా పుష్కరాలు జరిగింది ఈ లెక్కనే.

ఈసారి గురుడి నడక కంటితో పోల్చుకోవడానికి వీలుగా ఉంది. 2026 అక్టోబరు చివర అతను పంచాంగ సింహరాశిలోకి ఒకసారి అడుగుపెడతాడు. డిసెంబరులో ఆగి, వక్రించి, 2027 జనవరిలో కర్కాటకానికి వెనుదిరుగుతాడు. జూన్ చివర మళ్లీ సింహంలోకి వస్తాడు. గోదావరి పుష్కరాలు ఆ రాకకే. మఖ నక్షత్రం పక్కన మీరు వారం వారం వేళ్లతో కొలిచి గీసుకున్న దూరాలు ఈ రాకపోకలను మీ పుస్తకంలోనే చూపిస్తాయి.

ఆ పుష్కరాలకు రాజమహేంద్రవరం వెళ్లేవారు ఒక పని చేయండి. ఊరు గోదావరికి తూర్పు గట్టున ఉంది. పొద్దుగూకాక, ఏడున్నర ప్రాంతంలో, ఘాట్ మీద పడమటికి తిరిగి కొవ్వూరు వైపు, నదికి బాగా పైన చూడండి. ఆ రోజుల్లో సాయంకాలం శుక్రుడు ఉండడు కాబట్టి పడమట అన్నిటికంటే ప్రకాశంగా ఉన్నది గురుడే, పొరబడే వీలు లేదు. జూన్ నెల గనక మబ్బు అడ్డురావచ్చు, ఒక్క సాయంత్రం మీదే ఆశ పెట్టుకోకండి. జనం ఒత్తిడిలోకి టెలిస్కోప్ తేవద్దు, మెడలో వేసుకునే బైనాక్యులర్ చాలు. ఆ తర్వాత జులై నెలంతా సాయంత్రాలు గురుడు పడమట ఇంకా ఇంకా దిగువకు జారుతుంటాడు. ఆగస్టు సగానికి మూఢం. సెప్టెంబరు రెండో సగంలో తెల్లవారుజాముకు అలారం పెట్టుకుని, తూర్పున ఇళ్లూ చెట్లూ అడ్డులేని చోటు చూసుకోండి.